ఎడమ చెవులు

మార్చి 4, మంగళవారం

కోర్సువాళ్లు రిఫ్లెక్టివ్ జర్నల్ రాయమన్నారు. వారానికి ఐదు వందల పదాలు. అది లాప్‌టాప్‌లో ఉంది, బుద్ధిమంతురాలు రాసినట్టు, పద్ధతిగా. ఇది అది కాదు. దీన్నెవరూ చదవరు కాబట్టి ఇందులో బూతులు కూడా రాసుకోవచ్చు.

నాకు నలభై ఒకటి. ఇ.ఎన్.టి. ఓపీలో నర్సుని. పదహారేళ్లుగా జనం చెవుల్లో గుబిలి తీస్తున్నాను. ఇప్పుడు ఆన్‌లైన్‌లో గ్లోబల్ విమెన్స్ హెల్త్‌లో మాస్టర్స్, రెండో ఏడాది. ఈ చదువు మీద అత్తగారిది ఒకటే మాట. ప్రపంచంలో ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దువుగానీ ముందు ఈ ఇంట్లో ఆడదాని మోకాళ్లకి కాస్త మందు రాయవే తల్లీ అంటుంది. క్లాసు నడుస్తుంటే వెనక నిలబడి తెరమీది మొహాలకి రోగాలు చెబుతుంది. ఆ చివరావిడకి రక్తం తక్కువ, ఈ పక్కావిడకి నిద్ర లేదు అని. చాలాసార్లు నిజమే అవుతుంది.

ఇవాళ పొద్దున క్లాసులో ఒక స్లైడు. చెంపదెబ్బకి కర్ణభేరి పగులుతుంది. కొట్టేవాళ్లలో ఎక్కువమందిది కుడిచేతి వాటం. అందుకని ఎదురుగా ఉన్న మనిషికి పగిలేది ఎడమ చెవి. అంతే. ట్యూటరు తర్వాతి స్లైడుకి వెళ్లిపోయింది. నేను వెళ్లలేకపోయాను.

డ్యూటీలో కాస్త ఖాళీ దొరగ్గానే పాత రిజిస్టర్లు తీశాను. ఏడాదిన్నరవి. చీము పట్టి చిల్లు పడ్డవి వదిలేసి, దెబ్బకి పగిలినవి ఏరాను. ఆడవాళ్లు అరవై ముగ్గురు. అందులో ఎడమ చెవి యాభై ఒకటి. కారణం అన్న కాలమ్‌లో చూస్తే, పిన్నీసు పెట్టి తిప్పుకుంది, తలుపు తగిలింది, మంచం కోడు తగిలింది, బాత్రూంలో జారింది. ఆ కాలమ్‌లో మేం రాసేది పేషెంటు మాట కాదు, తోడొచ్చినవాళ్ల మాట. ఎప్పట్నుంచో అదే పద్ధతి. చెవి పోయిన మనిషికి మన ప్రశ్న ఎలాగూ వినపడదు, పక్కవాళ్లని అడిగితే త్వరగా తెములుతుంది.

బాత్రూంలో జారిపడితే కర్ణభేరి పగలదు. అది నాకు తెలుసు. తెలిసే రాశాను. యాభై ఒక్కమంది వరసగా వచ్చి నా చెవిలో పువ్వు పెట్టి పోయారు. చేతిరాత మాత్రం నాదే.

మార్చి 5, బుధవారం

అత్తగారికి వినపడనిది కూడా ఎడమ చెవే.

మార్చి 9, ఆదివారం

నాలుగు రోజులు ఆగాను. నా మొహానికి అదే ఎక్కువ.

మా ఆయన పొద్దున్నే డ్రైవింగ్ స్కూలుకి వెళ్లాడు. ఆదివారాలే కదా జనానికి కారు నేర్చుకోవాలనిపించేది. అత్తగారు వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కుడిపక్కన కూర్చున్నాను. ఈ ఇంట్లో ఎవరైనా ఆవిడకి కుడిపక్కనే కూర్చుంటారు. పుట్టుకతోనే అంతేనట అని పెళ్లిచూపుల్లోనే చెప్పారు.

ఎలా అడగాలో కోర్సులో నేర్పారు. మెల్లగా మొదలుపెట్టాలి, తీర్పు చెప్పినట్టు ఉండకూడదు. అవన్నీ గాలికిపోయాయి. అత్తయ్యా, ఆ చెవి ఎవరు కొట్టారు అనేశాను.

ఆవిడ తలెత్తలేదు. మీ మామగారిది కుడిచేతి వాటమే కదే అంది. ఆయన టీలో చక్కెర వేసుకోరు అని చెప్పినంత తేలిగ్గా. పరీక్ష పేపర్లు దిద్దుతున్నారట. ఈవిడ గ్లాసు తెచ్చి ఒక పేపరు మీద పెట్టిందట. గుండ్రంగా తడి మరక పడిందట. ఒక్కటే కొట్టారమ్మా, గట్టిగా కూడా కాదు అంది. తర్వాత ఎన్నిసార్లు కొట్టినా ఆ పక్క వినపడేది కాదు కాబట్టి సగమే తెలిసేదట. ఆ మాటకి తనే నవ్వింది. ఆ నోటితోనే, ఈ చిక్కుడుకాయలన్నీ ముదిరిపోయాయి, చూసి తెచ్చుకోవద్దూ అని నన్ను తిట్టింది.

మామగారు లెక్కల మాస్టారు. బడిలో ఒక్క పిల్లాడి మీద బెత్తం ఎత్తని మనిషని ఊరంతా చెప్పుకునేది.

సాయంత్రం మా ఆయనకి చెప్పాను. చదువెక్కువై నీకు పిచ్చి పట్టింది, చచ్చినవాడి మీద అభాండాలేమిటి అని అరిచాడు. తర్వాత వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో తెలీదు. బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మార్చి 13, గురువారం

ట్యూటరుతో ఇరవై నిమిషాలు వీడియోకాల్. డిజర్టేషన్‌కి ఎడమ చెవులే తీసుకుంటానన్నాను. ఆవిడ కళ్లు వెలిగాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి రిజిస్టర్ల వరకే ఇస్తుందట. పేషెంట్లని ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు, అడిగినందువల్ల వాళ్లకి ఇంట్లో ప్రమాదం పెరుగుతుంది, ఆ జాగ్రత్తలు తీసుకునే ఏర్పాటు నీ దగ్గర లేదు అంది. రెండుసార్లు చెప్పింది.

సరే మేడమ్ అన్నాను.

మార్చి 18, మంగళవారం

సరే అన్నాను గానీ వినే రకాన్నా నేను?

మా దగ్గర వినికిడి పరీక్ష గది ఉంది. గది లోపల చిన్న గది. గోడలకి మెత్త, మందపాటి తలుపు, ఒక అద్దం కిటికీ. లోపల పేషెంటు కూర్చుంటుంది, బయట మిషన్ దగ్గర మేం కూర్చుంటాం. ఆడియాలజిస్టు కాన్పుకి లీవు పెట్టి, నాకు పని నేర్పి వెళ్లింది. తోడొచ్చినవాడు అద్దంలోంచి చూడగలడు, వినలేడు. ఈ ఆస్పత్రి మొత్తంలో మొగుడి చెవిన పడకుండా ఆడది మాట్లాడగలిగే చోటు అదొక్కటే. నేనూ లోపలికెళ్లి తలుపేసుకుంటున్నాను. హెడ్‌ఫోన్ సర్దుతున్నట్టు వంగి అడుగుతున్నాను.

నాలుగు రోజుల్లో ఏడుగురిని అడిగాను. ఐదుగురు చెప్పారు. ఒకావిడని మరిది కొట్టాడు, మొగుడు చేతులు పట్టుకున్నాడు. ఒకావిడ తల అలమార తలుపు సందులో పెట్టి తలుపు వేశారు. ఒకావిడకి డెబ్భై దాటాయి, కొట్టింది కొడుకు. ఒక పిల్ల ఏం చెప్పకుండా జాకెట్టు భుజం కిందికి లాగి చూపించింది, పళ్ల గుర్తులు. ఐదో ఆవిడని ఎందుకు కొట్టాడమ్మా అంటే, ఏమో సిస్టర్, ఆ రోజు బాగానే ఉన్నాడు అంది.

ఇవాళ ఒక టైలరమ్మ వచ్చింది. ఎడమ చెవి, తాజా దెబ్బ, పెద్ద చిల్లు. మొగుడు స్కూలు వ్యాను నడుపుతాడు. నోట్లో నాలుక లేనివాడిలా ఉన్నాడు. పిన్నీసు పెట్టి తిప్పుకుందండీ, ఎన్నిసార్లు చెప్పినా వినదు అన్నాడు. ఆవిడ పేరు అడిగినా వాడే చెప్పాడు. లోపల ఎంత అడిగినా ఆవిడ నోరు విప్పలేదు. నా మణికట్టు పట్టుకుంది. వదలమంటే వదల్లేదు. రెండు వారాల తర్వాత రమ్మన్నాను.

ఏప్రిల్ 1, మంగళవారం. మధ్యాహ్నం 1.30

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

లోపలికి వెళ్లేముందు ప్రతిసారీ ఒక పని చేస్తాను. మిషన్ మీద చిన్న స్పీకరు ఉంటుంది. పేషెంటు లోపల ఏమన్నా బయట మాకు వినపడటానికి గదిలో మైకు పెట్టి ఉంటుంది కదా, దాని తాలూకు స్పీకరు. దాని సౌండు మీట తగ్గించి వెళ్తాను. ఇన్నాళ్లూ అందరికీ తగ్గించాను. ఇవాళ సరిగ్గా అప్పుడే చెవిలో హోరని ఒక ముసలాయన చీటీ పట్టుకుని అడ్డమొచ్చాడు. ఆయనకి దారి చెప్పి, టైలరమ్మని తీసుకుని లోపలికెళ్లి తలుపేశాను.

ఇవాళ ఆవిడ మాట్లాడింది. పదకొండు నిమిషాలు. ఆరేళ్ల నుంచి. మొదట్లో చేత్తో, తర్వాత బెల్టుతో, ఒకసారి ఇస్త్రీపెట్టెతో. వ్యాను తలుపు ఎలా వేశాడో వింటే ఆ రోజు సంగతి తెలిసిపోతుందట. మెల్లగా వేస్తే భయమట. విని పెరటి తలుపు దగ్గరకి జరుగుతుందట. ఇన్నాళ్లూ చెవులే నన్ను కాపాడాయి సిస్టర్, ఇప్పుడొకటి పోయింది అంది.

నేను ఊరుకోవచ్చు కదా. చదువుకున్నదాన్ని. ఎడమ చెవి సంగతంతా చెప్పాను. కుడిచేతివాడు కొడితే ఎడమే పగులుతుందని, అది చూస్తే ఏ డాక్టరుకైనా తెలిసిపోతుందని, పిన్నీసు కథ ఎక్కడా నిలబడదని. బట్టలు ఒక సంచిలో సర్ది పక్కింట్లో పెట్టుకో, వచ్చే సోమవారం నేను మాట్లాడి ఒక చోటు చూస్తాను అని.

వాడు లేచొచ్చి నా స్టూలు మీద కూర్చోవడం అద్దంలోంచి చూశాను. మిషన్ చూడటం సరదా కాబోలు అనుకున్నాను. వాడు నాకు చెయ్యి కూడా ఊపాడు.

మర్చిపోకు, సోమవారం అంటూ తలుపు తీయగానే నా గొంతే నాకు వినిపించింది. స్పీకర్లోంచి, చివరి ముక్క. సోమవారం అని.

వాడు లేచి నాకు స్టూలిచ్చాడు. చాలా విషయాలు తెలిశాయి సిస్టర్, ఈ రోజుల్లో ఇంత ఓపిగ్గా ఎవరు చెప్తారు అన్నాడు. ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను, సెక్యూరిటీని కేకేశాను. ఆవిడే, వద్దు సిస్టర్, గొడవ చెయ్యకండి, ఇంకా కోపం తెచ్చుకుంటాడు అని నన్ను పక్కకి జరిపింది. డాక్టరు గారు వచ్చి ఏం జరిగిందన్నారు. నేను చెప్పేసరికి వ్యాను లేదు.

దొంగ చేతికి తాళాలిచ్చి, ఏ తాళం దేనిదో కూడా వివరంగా చెప్పాను.

ఏప్రిల్ 2, బుధవారం

ఫోన్ చేద్దామంటే రిజిస్టర్‌లో ఉన్నది వాడి నంబరే. ఇంటి అడ్రసు పోలీసులకిచ్చాను. చూస్తాం అన్నారు.

ఏప్రిల్ 4, శుక్రవారం

టైలరమ్మని ఇద్దరు పక్కింటి ఆడవాళ్లు ఆటోలో తెచ్చారు. ముందు క్యాజువాల్టీకి, అక్కణ్ణుంచి మా దగ్గరికి.

కుడి చెవి. ఈసారి కుడి చెవి. లోపలి చిన్న ఎముక కూడా జరిగిపోయింది. దవడ విరిగింది. పక్కింటావిడ ఏడుస్తూ చెప్పింది, గోడవతల నుంచి విన్నదట. మీ సిస్టరు ఎడమ అంది కదా, ఆవిడ లెక్క తప్పిద్దాం అన్నాడట. ఎడమచేత్తో కొట్టాడట. అలవాటు లేక సరిగ్గా తగల్లేదని మళ్లీ మళ్లీ కొట్టాడట.

తర్వాత కుట్టుమిషన్ దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. కుడిచేతి చూపుడువేలు సూది కింద పెట్టి చక్రం తిప్పాడు. సూది గోరులోంచి దిగి విరిగింది. ముక్క లోపలే ఉంది. మా సర్జను తీస్తుంటే వేలు నేను పట్టుకున్నాను. ఆవిడ అరవలేదు, దవడ కట్టేసి ఉంది.

చెవి దగ్గర నోరు పెట్టి, క్షమించు తల్లీ అని అరిచాను. వినపడలేదు. ఓపీ అంతా తిరిగి చూసింది. చీటీ మీద రాసి చూపిస్తే చదివి, ఎడమచేత్తో కింద రాసింది. వాడు ఏ తలుపు ఎలా వేసినా ఇంక నాకు తెలీదు అని.

వాడు పరారీ.

ఏప్రిల్ 5, శనివారం

ట్యూటరుకి అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక ఫారం పంపింది. పాల్గొన్న వ్యక్తికి జరిగిన హాని, హానికి కారణం.

కారణం దగ్గర ‘నేను’ అని రాసి పంపాను.

ఏప్రిల్ 10, గురువారం

డిశ్చార్జి. వెళ్లడానికి చోటు లేదు. ఒక ఆశ్రయం ఉంది, అందులో నెలాఖరుదాకా మంచం ఖాళీ లేదు. ఆవిడకి ఉన్నది ఒక అన్న, ఫోన్ చేస్తే మొగుడూ పెళ్లాల మధ్య మేమెందుకు అన్నాడు. నేను అన్న మాట ఇక్కడ కూడా రాయలేను.

మా ఇంటికి తెచ్చేశాను. మా ఆయన్ని అడగలేదు. ఆయన చూసి, బట్టలమీద బట్టలు పడి ఉన్న వెనక గది ఖాళీ చేసి, కిటికీ గడి బిగించాడు. ఈ మధ్య మాట తక్కువైంది ఆయనకి, పని ఎక్కువైంది.

అత్తగారు నఖశిఖపర్యంతం చూసింది. తేవడం తెచ్చావు గానీ, ఉన్న ఒక్క చెవిటిదానితోనే వేగలేక చస్తున్నావు, ఇంకొకర్ని తగిలించుకున్నావా అంది. తర్వాత తన దుప్పటి తీసి ఆవిడకిచ్చింది.

ఏప్రిల్ 15, మంగళవారం

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో దేవుడికే తెలియాలి. ఒకరికి ఒక చెవి, ఇంకొకరికి ఒకటీ లేదు. మధ్యాహ్నమంతా చేతులూ కళ్లూ తిప్పుకుంటూ కూర్చుంటారు. నేను వెళ్లగానే ఆపేస్తారు. నామీద చాడీలే అయ్యుంటాయి.

ఏప్రిల్ 20, ఆదివారం. సాయంత్రం 5

పోలీసులు ఇప్పుడే వెళ్లారు. మర్చిపోకముందే రాయాలి.

పదకొండు దాటింది. మా ఆయన డ్రైవింగ్ క్లాసులో ఉన్నాడు. బెల్లు మోగింది. పై వాటా ఆవిడ పాలగిన్నె కోసం వస్తానంది, ఆవిడే అనుకుని తీశాను. హెల్మెట్ పెట్టుకున్న మనిషి. అద్దం పైకెత్తేదాకా టైలరమ్మ మొగుడని పోల్చుకోలేదు. మూసేలోపు కాలు పెట్టాడు. హెల్మెట్ తీసి దాంతోనే నా మొహం మీద కొట్టాడు. ముక్కులోంచి వేడిగా కారింది. కింద పడ్డాను. నన్ను దాటుకుని లోపలికి నడిచాడు. పరుగెత్తలేదు. తన ఇంట్లో నడిచినట్టు నడిచాడు.

వంటింట్లో టైలరమ్మ సింకు దగ్గర మాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. కుళాయి ధారగా పారుతోంది. నేను అరిచాను. పారిపో అని, వెనక చూడు అని, గొంతు చిరిగేలా అరిచాను. ఆవిడ గిన్నె కడిగి బోర్లించి ఇంకో గిన్నె తీసుకుంది. వాడు నావైపు తిరిగి నవ్వాడు. అరువు, ఇంకా అరువు అన్నాడు. వాడి చేతిలో వ్యాను చక్రాలు విప్పే రాడ్డు.

అత్తగారు స్టవ్వు దగ్గర ఉంది. ఆవిడ కుడిచెవికి నా కేక అందింది. తిరిగింది, చూసింది, మరుగుతున్న గంజి గిన్నె రెండు చేతులా ఎత్తి వాడి మీద కుమ్మరించింది. గుడ్డ కూడా పట్టుకోలేదు. వాడు ఊళపెట్టాడు. రాడ్డు తిప్పాడు, అది ఆవిడ భుజానికి తగిలింది, ఎముక విరగడం నాకు వినిపించింది. అప్పుడు తిరిగింది టైలరమ్మ. కాళ్ల మీద గంజి పడితే తిరిగింది.

తర్వాతిది నేను. కుక్కర్ దొరికింది. ఖాళీదే, కానీ బరువైనది. మోకాలి మీద కొట్టాను, పడ్డాడు. చేతి మీద కొట్టాను, రాడ్డు వదిలాడు. అక్కడితో ఆపాలి. ఆపలేదు. వీపు మీద, మెడ మీద, మొహం మీద. వాడు వద్దు వద్దు అంటున్నాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న వేళ్ల మీద కొట్టాను. ఎంతమంది వద్దు వద్దు అన్నారో లెక్క చెప్పరా అని అరుస్తున్నానట. పై వాటా ఆవిడ వచ్చి నడుం పట్టుకుని లాగింది, ఆవిడని కూడా తోశాను. చివరికి నా చెయ్యి పట్టుకుని ఆపింది టైలరమ్మ. వేలికి కట్టు ఉన్న చేత్తో.

ఏప్రిల్ 21, సోమవారం

నా ముక్కు విరిగింది. అత్తగారికి భుజం ప్లేటు, అరచేతులు బొబ్బలు. వాడు బతికాడు. పోలీసు కాపలాలో, మా ఆస్పత్రిలోనే, రెండో అంతస్తు. ఆస్పత్రి గేటు దగ్గర కాసి, నా వెనకే వచ్చి ఇల్లు చూసుకున్నాడట.

కొడుతుంటే హాయిగా ఉంది. ఈ ముక్క ఆ జర్నల్‌లో రాయలేను. మామగారికి కూడా ఇలాగే హాయిగా ఉండేదేమో అనిపించింది.

మే 13, మంగళవారం

కమిటీ నిర్ణయం వచ్చింది. అనుమతి లేకుండా పేషెంట్లతో మాట్లాడాను కాబట్టి డిజర్టేషన్ రద్దు. ఏడాది తర్వాత వేరే విషయం మీద, పేషెంట్ల జోలికి పోకుండా రాసుకోవచ్చు. న్యాయమే.

వాడి లాయరు కొత్త పాట అందుకున్నాడు. మార్కుల కోసం నేను ఆ అమ్మాయికి లేనిపోనివి నూరిపోసి కాపురం కూల్చానట. స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు స్పీకరు సంగతి చెప్పకపోతే మీకే మంచిది, మీ ఉద్యోగానికి కూడా మంచిది అని ఇన్‌స్పెక్టరు మంచి మాటగానే సలహా ఇచ్చాడు. కానీ అది చెప్పకపోతే, ఆవిడ లోపల చెప్పినవన్నీ విన్నాకే వాడు కుడి చెవి పగలగొట్టాడన్న సంగతి కూడా పోతుంది. మొత్తం చెప్పాను. మీట తగ్గించడం మర్చిపోయానని, తప్పు నాదేనని, వాడు నా స్టూలు మీద కూర్చుని పదకొండు నిమిషాలూ విన్నాడని. సంతకం పెట్టాను. బెయిలు రాలేదు వాడికి. నాకు మెమో వచ్చింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు, పరీక్ష తప్పినవాళ్లెవరూ చావలేదు, మాస్టారి పెళ్లాన్ని, నాకు తెలుసు అంది.

జులై 3, గురువారం

టైలరమ్మని ఆపరేషన్ తేదీ కోసం తీసుకెళ్లాను. అత్తగారు కూడా భుజం చూపించుకోవాలని బయల్దేరింది. వాళ్లిద్దరూ ఇప్పుడు విడిగా ఎక్కడికీ వెళ్లరు.

డాక్టరు గారు కాగితం మీద రాసి చూపించారు. ముందు ఎడమ చెవి బాగుచేస్తాం, ఆరు నెలలాగి కుడిది. రెండూ చాలావరకు వస్తాయి. ఆవిడ చదివి, ఎడమది చెయ్యండి, కుడిది వద్దు అంది. తన గొంతు తనకి వినపడదు కదా, గట్టిగా అంది. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు వద్దు, పిచ్చా అని రాశాను.

పనికి ఒకటి చాలు సిస్టర్, రెండోది నిద్రకి ఉంచుకుంటాను అంది. వినపడే చెవి దిండుకి ఆనించి పడుకుంటే, ఇంక ఎవడొచ్చినా తెలీదట. ఆ కాసేపూ భయం ఉండదట.

ఈ తెలివి ఎవరు నేర్పారమ్మా నీకు అని రాశాను. ఆవిడ అత్తగారి వైపు చూసింది. అత్తగారు సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచేసింది.

మామగారు పోయి పదకొండేళ్లు. ఆవిడ ఇప్పటికీ కుడిపక్కకే తిరిగి పడుకుంటుంది.